వదినగారూ, మీ పేరు ఎక్కడుంది?

వదినగారూ, పొయ్యి కట్టేసి ఒకసారి గోడ దగ్గరికి రండి. ఇది కూర మాడేలోపు తేలే మాట కాదు. సోమవారం అన్నయ్యగారు రిజిస్ట్రారాఫీసుకి వెళ్తున్నారట కదా, ఈ ఇల్లూ మోపిదేవి దగ్గర మూడెకరాలూ డల్లాస్‌లో ఉన్న అబ్బాయి పేర సెటిల్‌మెంటు రాసేస్తారట కదా. రాత్రి మా ఆయన చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు. ఆ చిత్తు కాగితం మీరు చదివారా? అందులో మీ పేరు ఎక్కడుంది?

కొడుకే కదా అంటారు. అబ్బాయి బంగారం, నా చేతుల మీద పెరిగినవాడు, వాడిమీద నాకు అనుమానమేమీ లేదు. నా బాధ వేరు. అన్నయ్యగారు మీకంటే ఎనిమిదేళ్లు పెద్ద. మన వీధిలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూడండి, ఇంత పెద్ద ఇళ్లలో ఒంటరిగా దీపం పెట్టుకుంటున్నది ఎవరు? ఆడవాళ్లే. మన బందరులో అయినా గుడివాడలో అయినా ఇంతే. మగవాళ్లేమో ఆస్తి కాగితం రాయడానికి కూర్చోగానే పిల్లల దగ్గర మొదలుపెడతారు. ఇంట్లో ఆఖరిదాకా మిగిలేది ఎవరో ఆలోచించి అక్కడ మొదలుపెట్టాలి. మా నాన్నగారు నలభై ఏళ్లు దస్తావేజులు రాశారు, ఎవరొచ్చి కూర్చున్నా ముందు అడిగేది అదే: మీ తర్వాత ఈ ఇంట్లో ఉండేది ఎవరండీ అని.

సెటిల్‌మెంటు అంటే ఏమిటో సూటిగా చెప్తాను. రిజిస్టరై, అబ్బాయి పుచ్చుకున్నాడంటే ఆ రోజే ఇల్లు వాడిది. రేపు మనసు మారిందని అన్నయ్యగారు ఒక్కరే వెళ్లి రద్దు చేసుకుంటానంటే కుదరదు. విల్లు అలా కాదు, రాసినాయన పోయాకే దానికి ప్రాణం వస్తుంది. బతికున్నన్నాళ్లూ ఎన్నిసార్లయినా మార్చొచ్చు, చించి పారేయొచ్చు. ఆఖరున రాసిందే చెల్లుతుంది, అంతకుముందుది రిజిస్టరు చేసిందైనా సరే. ఈ తేడా తెలియక ‘ఎప్పటికైనా వాడిదేగా’ అని ఇప్పుడే చేతులు దులుపుకుంటున్నారు మనవాళ్లు.

ఇంకో సంగతి, ఇది అన్నయ్యగారికి తప్పకుండా చెప్పండి. ఆ మూడెకరాలు ఇప్పుడు అబ్బాయికి రాసివ్వడానికే వీల్లేదు. ఫెమా అని విదేశీ మారకపు చట్టం ఉంది, దాని కింద 2019లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రవాస భారతీయులు గానీ, ఓసీఐ కార్డున్నవాళ్లు గానీ సాగుభూమి కొనకూడదు, దానంగా కూడా పుచ్చుకోకూడదు. ఇల్లయితే తండ్రి దానం చేయొచ్చు, పొలం మాత్రం వారసత్వంగానే రావాలి. అంటే తండ్రి తదనంతరం విల్లు ద్వారానో, విల్లు లేకపోతే వారసుడిగానో. అలా వచ్చాక ఉంచుకోవచ్చు, కావాలంటే ఇక్కడే నివసించే భారత పౌరుడికి అమ్ముకోవచ్చు. అంతే కానీ సోమవారం నాడు పొలం కాగితం రాయించి అబ్బాయిని చిక్కులో పెట్టకండి. దివిసీమ పొలాలు అమెరికా పిల్లల పేర ఇలా రాసేస్తున్నవాళ్లకి ఇది ఎవరూ చెప్పడం లేదు, అదే నా గుబులు.

అసలు ఏ కాగితమూ రాయకుండా మనిషి పోతే ఏమవుతుంది అంటారా? 1956 హిందూ వారసత్వ చట్టం ఉంది. భార్య, కొడుకులు, కూతుళ్లు, తల్లి, అందరికీ సమానం. తల్లి మాట విని ఉలిక్కిపడకండి. మీ అత్తగారు లోపల మంచం మీద ఉన్నారు కదా, ఆవిడకీ వాటా ఉంటుంది. మీరూ, అబ్బాయీ, గుడివాడలో అమ్మాయీ, అత్తగారూ, వెరసి నాలుగు వాటాలు. ఆ తర్వాత అత్తగారు పోతే ఆవిడ వాటా ఆవిడ పిల్లల వైపు మళ్లీ చీలుతుంది. అప్పుడు ఈ ఇంటి మీద సంతకం పెట్టాల్సినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టుకోండి. అందుకే రాయమంటున్నాను, కానీ సెటిల్‌మెంటు కాదు, విల్లు.

ఆ విల్లులో కూడా మన వైపు ఒక అలవాటు ఉంది. ‘నా భార్య జీవితాంతం అనుభవించి, ఆమె తదనంతరం నా కుమారునికి చెందవలెను’ అని రాస్తారు. చదవడానికి ఎంతో ధర్మంగా ఉంటుంది. ఈ ఒక్క వాక్యం మీద ఎన్ని దావాలో! నెల్లూరు వైపు వడ్డెబోయిన తులశమ్మ అని ఒకావిడ. 1931లో భర్త పోయాడు, ఉమ్మడి కుటుంబం. మనోవర్తి కోసం మరిది మీద దావా వేసింది. రాజీలో కొంత ఆస్తి ఇచ్చారు, బతికినన్నాళ్లు అనుభవించాలి, అమ్మడానికి లేదు అన్నారు. ఆవిడ కొంత అమ్మింది. మరిది మళ్లీ కోర్టుకెక్కాడు. చివరికి 1977లో సుప్రీంకోర్టు చెప్పింది: భార్యకి పోషణ హక్కు ముందునుంచీ ఉన్నదే, ఆ హక్కుకి బదులుగా ఇచ్చిన ఆస్తి 1956 చట్టంలోని 14వ సెక్షను వల్ల ఆవిడ సొంతమే అని. దేశమంతటికీ ఆ తీర్పు దారి చూపింది. కానీ అదే సెక్షనులో రెండో భాగం ఉంది. విల్లుతో కొత్తగా పరిమితమైన హక్కే ఇస్తే, ఆ పరిమితి నిలుస్తుంది. ఇక ఫలానా విల్లు మొదటి భాగంలోకి వస్తుందా, రెండోదాంట్లోకి వస్తుందా అని లాయర్లు ఏళ్లూ పూళ్లూ వాదిస్తారు. అరవై ఏళ్లు దాటిన మనిషికి అంత వ్యవధి ఎక్కడుంది చెప్పండి? నన్నడిగితే ఈ ఇల్లు ‘నా భార్యకు సర్వహక్కులతో’ అని ఒక్క ముక్క రాస్తే చాలు. మీ తర్వాత ఎవరికివ్వాలో మీరు రాస్తారు. మీ పిల్లలకి మీరు అన్యాయం చేస్తారా?

లేదూ, ఇల్లు ఇప్పుడే అబ్బాయికి ఇచ్చి తీరాలని అన్నయ్యగారి పట్టుదల అయితే, మీ ఇద్దరిలో ఆఖరివాళ్లు ఉన్నంతవరకూ ఈ ఇంట్లో ఉండే హక్కు, అద్దె వస్తే తీసుకునే హక్కు అట్టేపెట్టుకుని రాయించండి. పైగా ‘మా పోషణ, వైద్యం, ఆలనాపాలనా చూడవలెను’ అన్న షరతు స్పష్టంగా ఉండాలి. తల్లిదండ్రుల పోషణ చట్టమని 2007లో వచ్చింది, అందులో 23వ సెక్షను. అరవై దాటినవాళ్లు అలాంటి షరతుతో ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాళ్లు చూడకపోతే ఆ కాగితాన్ని రద్దు చేయొచ్చు. సివిలు కోర్టు కాదు, ఆర్డీవోగారే ట్రిబ్యునలు. బందరులోనూ ఉన్నారు, గుడివాడలోనూ ఉన్నారు. షరతు రాయకపోతే ఈ సెక్షను అక్కరకు రాదని సుప్రీంకోర్టు 2022 డిసెంబరులో అంది. 2025 జనవరి 2న మధ్యప్రదేశ్‌కి చెందిన ఒక తల్లి కేసులో, ఈ చట్టం వృద్ధుల మేలు కోసం చేసింది కాబట్టి ఉదారంగా చదవాలని చెప్పి, కొడుక్కి ఆవిడ ఇచ్చిన దానాన్ని రద్దు చేసి ఇల్లు వెనక్కి ఇప్పించింది. ఆ తల్లి పడిన పాట్లు తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది. షరతు ఒక్క వాక్యమే కదా, ముందే రాసుకుంటే ఏం పోయింది?

విల్లు రాయడానికి పెద్ద తంతు లేదు వదినగారూ. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు, తెలుగులోనే రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు ఉండాలి. అన్నయ్యగారు వాళ్లముందు సంతకం పెట్టాలి, వాళ్లు ఆయన ముందు పెట్టాలి. ఆస్తి పొందేవాళ్లని సాక్షులుగా పెట్టకండి. ఆయన ఈడువాళ్లని కూడా వద్దు, రేపు కోర్టులో చెప్పాల్సి వస్తే సాక్షుల్లో ఒక్కరైనా బతికుండాలి కదా. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, కానీ చేయిస్తే మంచిది. విల్లు మూడో నంబరు పుస్తకంలోకి ఎక్కుతుంది, ఆయన బతికుండగా ఆయనకో ఆయన ఏజెంటుకో తప్ప ఇంకెవరికీ నకలు ఇవ్వరు. కోడలు చూస్తుందేమో, అల్లుడు చూస్తాడేమో అన్న బెంగ అక్కర్లేదు. ఇంకా గుట్టుగా కావాలంటే సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే వీలూ ఉంది. మనకి ఆ ఆఫీసు ఊళ్లోనే ఉంది.

ఇంకో మాట కూడా అందులో ఉండాలి, మన దివిసీమవాళ్లకి ఇది చెప్పనే అక్కర్లేదు. ‘ఆమె కూడా లేనియెడల’ అన్న మాట. 1977 నవంబరు 19 ఉప్పెనలో మీ పుట్టింటివైపు ఎంతమంది పోయారో మీరే చెప్పారు నాకు. హంసలదీవి, పాలకాయతిప్ప, సొర్లగొంది, నాలి... సముద్రం లేచి ఇళ్లకిళ్లే తుడిచిపెట్టుకుపోయింది. తండ్రీ కొడుకూ, మొగుడూ పెళ్లాం ఒకే కెరటంలో పోతే ఎవరు ముందు పోయారని ఎవరు చూశారు? కానీ ఆస్తి ఎటు వెళ్లాలన్నది దానిమీదే ఉంటుంది. వారసత్వ చట్టంలో 21వ సెక్షను దీనికోసమే పెట్టారు: ఎవరు ముందో తేలకపోతే, వయసులో చిన్నవాళ్లు పెద్దవాళ్ల తర్వాత పోయినట్టు అనుకోవాలి. శవం దొరకనివాళ్ల సంగతి ఇంకా కష్టం. ఏడేళ్లు కబురు తెలియకపోతే గానీ చట్టం మనిషి పోయినట్టు అనుకోదు. ఇప్పటికీ నాగాయలంక వైపు వేటకి వెళ్లి తిరిగిరానివాళ్ల ఇళ్లలో ఆ ఏడేళ్ల ఎదురుచూపు ఉంది. భర్త పోయాడని ఒప్పుకోవడమే కష్టం, పైగా కాగితం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాలి ఆ ఆడవాళ్లు. అందుకని విల్లులో మొదటి పేరు లేకపోతే రెండో పేరు, అదీ లేకపోతే మూడో పేరు రాయాలి. దాన్ని అమలు చేసే మనిషి పేరు కూడా రాయాలి.

ఇంకోటి, ఆ ఉప్పెనలో ఇంట్లో ఉన్న దస్తావేజులు కొట్టుకుపోయినా, రిజిస్టరైన వాటికి సర్కారు పుస్తకాల నుంచి నకళ్లు తెచ్చుకునే దారి ఉంది. తెల్లకాగితం మీద పెద్దమనుషుల ముందు పంచుకున్నవాళ్లకి ఆ దారి లేదు. ‘మాలో మాకు తగాదాల్లేవు, పారీఖత్తు రిజిస్టరెందుకు’ అనే ఇళ్లు మన డెల్టాలో ఇప్పటికీ బోలెడు.

బ్యాంకు సంగతా? బ్యాంకులు మనకి కొత్త కాదు. పట్టాభి సీతారామయ్యగారు 1923లో ఆంధ్రా బ్యాంకు పెట్టింది ఈ బందరులోనే. అది 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, అయినా మా అమ్మ ఇంకా ఆంధ్రా బ్యాంకనే అంటుంది. ఇన్ని తరాల అలవాటు ఉండి కూడా నామినీ అంటే సొంతదారు అనుకుంటాం. నామినీ డబ్బు తీసుకుని వారసులకి ఇవ్వాల్సిన మనిషి, అంతే. షేర్లూ మ్యూచువల్ ఫండ్ల విషయంలో కూడా ఇంతేనని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్సూరెన్సులో మాత్రం 2015 నుంచి కొంచెం తేడా, భార్యాభర్తల్నో పిల్లల్నో తల్లిదండ్రుల్నో నామినీగా రాస్తే ఆ డబ్బు వాళ్లదే అవుతుంది. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు డిపాజిట్లకి నలుగురి దాకా నామినీలను పెట్టి ఎవరికెంత శాతమో రాయొచ్చు. అన్నయ్యగారి ఎఫ్‌డీల మీద ఇంకా వాళ్ల అమ్మగారి పేరే ఉందన్నారు కదూ, మార్పించండి.

ట్రస్టు ఎందుకని అడిగారు మొన్న. డబ్బున్నవాళ్ల వ్యవహారమనుకుంటాం. కానీ గుడివాడలో మా పిన్ని కూతురుందే, దానికి అవసరమైంది ట్రస్టే. దాని రెండోవాడికి ఇరవై రెండేళ్లు, మనసు ఇంకా అయిదేళ్ల పిల్లాడిదే. వాడి చేతికి ఆస్తి ఇస్తే నిలవదు. అన్న పేర రాసి తమ్ముణ్ణి చూసుకోమంటే? అన్న మంచివాడే. కానీ అన్నకి వ్యాపారంలో అప్పులైతే అప్పులవాళ్లు ఆ ఆస్తి మీద పడతారు. అన్న ముందే పోతే అది వదినకీ పిల్లలకీ వెళ్తుంది. తమ్ముడి అన్నం అప్పుడు ఇంకొకరి దయ అవుతుంది. ట్రస్టులో పెడితే ఆస్తి ధర్మకర్త పేర ఉన్నా ధర్మకర్తది కాదు, ఆయన అప్పులకి దానితో సంబంధం లేదు. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం చాలు దీనికి. ఇల్లో పొలమో పెట్టాలంటే రిజిస్టరు డీడు ఉండాలి, లేదా విల్లులోనే ట్రస్టు పెట్టేయొచ్చు. టాక్సు లెక్క ఈ రెంటికీ ఒకటి కాదు, ఆడిటరు చెప్పాలి.

మా చెల్లెలు ఏం రాయించిందో చెప్తాను. ధర్మకర్తలు ఇద్దరు, ఒకరు అన్న, ఒకరు బయటి మనిషి. ఒకరు తప్పుకుంటే మూడోవాళ్లు ఎవరో ముందే రాశారు. ఒప్పుకోని మనిషిని బలవంతాన ధర్మకర్తని చేయలేం, అందుకని ముందే అడిగి మాట తీసుకున్నారు. డీడులో రాయకపోతే ధర్మకర్త తన శ్రమకి జీతం తీసుకోవడానికి లేదు. ఏళ్ల తరబడి పని, కొంత సొమ్ము రాస్తేనే న్యాయం కదా, అదీ రాశారు. పిల్లాడికి ఏ మందులు, ఏ డాక్టరు, రాత్రి దీపం ఆర్పకూడదు, వరుగులు తినడు, ఇవన్నీ వేరే ఉత్తరంలో రాసి డీడుతో కలిపి పెట్టింది. అది చదివి నేను ఏడ్చాను వదినగారూ. వాడి తర్వాత మిగిలిన ఆస్తి ఎటు వెళ్లాలో కూడా రాశారు.

అయితే ట్రస్టు డబ్బుని చూస్తుంది, మనిషిని కాదు. పద్దెనిమిదేళ్లు నిండగానే తల్లి కూడా చట్టప్రకారం సంరక్షకురాలు కాదు, ఆ సంగతి చాలామంది తల్లులకి తెలియదు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్లకి 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కమిటీ సంరక్షకుల్ని నియమిస్తుంది. ఆ కమిటీలో కలెక్టరుంటారు. ఆ చట్టం కిందే నిరామయ అని లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా కూడా ఉంది. మన కలెక్టరాఫీసుకి గుడివాడ నుంచి బస్సెక్కి వచ్చి ఆ కాగితం తెచ్చుకుంది మా చెల్లెలు. ఇలాంటి బిడ్డ ఉన్న ఇంట్లో బంగారం కొనేముందు ఈ రెండు పనులూ చేయించుకోవాలి అంటాను నేను.

అబ్బాయి అక్కడ లివింగ్ ట్రస్టు పెట్టుకున్నాడా? మంచిది, అక్కడి ఇంటికి, అక్కడి ఖాతాలకి పనికొస్తుంది. కానీ డల్లాస్‌లో రాసిన కాగితంలో మోపిదేవి సర్వే నంబరు వేసినంతమాత్రాన ఇక్కడి రికార్డు మారదు. ఇక్కడి భూమికి ఇక్కడి చట్టమే. అబ్బాయి ఇక్కడి ఆస్తికి ఇక్కడే వేరే విల్లు రాయడం నయం, ఆ రెండు విల్లులూ ఒకదాన్ని ఒకటి రద్దు చేయకుండా చూసుకోవాలి. మనకి 1985 మార్చి నుంచి చనిపోయినవాళ్ల ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ లేదు. వాడికి మాత్రం ఇక్కడి నుంచి ఏడాదిలో లక్ష డాలర్లు దాటి కానుకో వారసత్వమో వస్తే అమెరికా టాక్సు ఆఫీసుకి 3520 ఫారం పంపాలి. పన్ను కట్టడానికి కాదు, చెప్పడానికి. చెప్పకపోతే జరిమానా పెద్దది. ఇంకా, జీపీఏ, అదే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ, ఉందిగా అని ధీమాగా ఉండకండి. ఇచ్చిన మనిషి పోయిన క్షణాన జీపీఏ కూడా పోతుంది. అన్నయ్యగారి జీపీఏతో ఆయన తదనంతరం ఎవరు సంతకం పెట్టినా చెల్లదు.

మా గుడివాడ, ముదినేపల్లి వైపు ఇంకో రకం చిక్కు. అన్నదమ్ముల పొలాలన్నీ కలిపి చేపల చెరువు తవ్వించేశారు, గట్లు పోయాయి. లీజు డబ్బు వచ్చినన్నాళ్లూ బాగానే ఉంటుంది, పెద్దాయన పోగానే ఎవరి ముక్క ఎక్కడుందో నీళ్లలో ఎవరు చూపిస్తారు? తవ్వకముందే సర్వే చేయించి, హద్దుల స్కెచ్చి లీజు కాగితానికి జతచేసి ఉంచుకోవాలి. మీకు చెరువు లేదు కాబట్టి వదిలేస్తాను.

ఇక అసలు మాట. మీకు కోపం వస్తుందేమో, అయినా చెప్పాలి. ఆ మూడెకరాలు అన్నయ్యగారివేనా మొత్తం?

మీ మామగారు విల్లు రాయకుండా పోయారు. పాస్‌బుక్కు అన్నయ్యగారి పేర వచ్చింది, నిజమే. పాస్‌బుక్కులో పేరెక్కితే హక్కు మొత్తం వచ్చేసినట్టు కాదు. మామగారి సొంత ఆస్తయితే, ఆయన పోయిన రోజునే మీ అత్తగారికీ, చల్లపల్లిలో ఉన్న మీ ఆడపడుచుకీ కూడా అందులో వాటా వచ్చింది. పెళ్లయిందా లేదా అన్నది అక్కడ లెక్కలోకి రాదు, 1956 నుంచీ అంతే. తాతగారి నాటి ఉమ్మడి ఆస్తయితే ఇంకో లెక్క. మన నిమ్మకూరు ఆయన, 1983లో గుడివాడలో కూడా గెలిచిన ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు 1985 సెప్టెంబరు 5 నుంచి ఆడపిల్లలకీ పుట్టుకతోనే ఉమ్మడి ఆస్తిలో హక్కు ఇచ్చారు, దేశంలో అందరికంటే ముందు వరసలో. కాకపోతే అప్పటికే పెళ్లయినవాళ్లకి వర్తించలేదు. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణలో ఆ పెళ్లి అడ్డు లేదు. ఆ రోజుకి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే పద్ధతిగా పంపకాలు అయిపోయి ఉంటే మాత్రం తిరగదోడరు.

చల్లపల్లి మాట వచ్చింది కాబట్టి చెప్తున్నాను. ఆ జమీందారీ పాత పేరు దేవరకోట. అక్కడి యార్లగడ్డవారి ఇంటి తగాదా 1890లో లండన్ ప్రివీ కౌన్సిలు దాకా వెళ్లింది. సముద్రాలు దాటి వాదించడానికి వాళ్లకి జమీ ఉంది, మనకున్నది మూడెకరాలు.

ఆడపడుచు ఏనాడూ నోరు తెరిచి అడగలేదంటారు. అడగకపోవడం వదులుకోవడం కాదు కదా. రేపు అన్నయ్యగారు మొత్తం తనదేనని విల్లు రాసినా, ఆవిడ వాటా మేరకు అది చెల్లదు. ఇప్పుడు మనుషులందరూ ఉన్నారు, మాటలున్నాయి, పండక్కి వస్తారు, వెళ్తారు. సోమవారం ఆఫీసు పని వాయిదా వేయించి, ఆదివారం మీరిద్దరూ చల్లపల్లి వెళ్లి రండి. ఆవిడకి వాటా కావాలంటే కొలిపించి ఇవ్వండి, రిజిస్టరు చేయించండి. మనస్ఫూర్తిగా వద్దంటే హక్కు విడుదల కాగితం ఆవిడే వచ్చి రాస్తుంది. అత్తగారి వాటా గురించి ఆవిణ్ణే అడగండి, వినపడకపోతే దగ్గర కూర్చుని గట్టిగా అడగండి. మామగారి దస్తావేజు, పాత అడంగళ్లు, ఈసీ, ఆయన మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల సర్టిఫికెట్టు ఒక సంచిలో వేసి మధ్యాహ్నం ఇలా అందివ్వండి. ఆ పొలం తాతగారి నాటిదో మామగారు కొన్నదో ఆ కాగితాల్లోనే తెలుస్తుంది, కూర్చుని చదివి పెడతాను.

అవునూ, ఆ సంచిలో ఈ ఇంటి కాగితం కూడా వేయండి. స్థలం కొన్నప్పుడు మీ నగలు అమ్మి కట్టారన్నారు కదా, డాక్యుమెంటులో కొనుగోలుదారుగా ఎవరి పేరుందో చూద్దాం.